కాకి గూట్లో పెరిగిన కోకిలకి ‘కుహూ’ ఎవరు నేర్పారు?

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. ఇది మా పిల్లాడి ప్రశ్న, నాకు జవాబు తెలీక ఇక్కడ పెడుతున్నా, నవ్వకండి.

మాది రాజమండ్రి, డాబా ఇల్లు. పక్కనున్న వేపచెట్టు కొమ్మ సరిగ్గా మా పిట్టగోడ మీదికి వంగి ఉంటుంది, ఈ ఏడాది అందులో కాకి గూడు పెట్టింది. సగం పుల్లలు, సగం కేబుల్ వాళ్ళు వదిలేసిన వైరు ముక్కలు. బట్టలు ఆరేద్దామని పైకి వెళ్తే చాలు వెనక నుంచి వచ్చి నెత్తి మీద టప్‌మని తన్ని పోయేది, ఎండాకాలమంతా గొడుగేసుకుని బట్టలు ఆరేశానంటే నమ్మండి, ఎదురింటి వాళ్ళు నాకేమైందో అనుకుని ఉంటారు.

పిల్లలు కాస్త పెరిగాక చూస్తే రెండు కాకిపిల్లలు, ఇంకోటి ఏదో తేడాగా ఉంది. నల్లగానే ఉంది గానీ రెక్కల మీద లేత చుక్కలు, తోక కొంచెం పొడుగు. మా అత్తగారు ఒక్క చూపు చూసి “అది కోకిల పిల్లే, పిచ్చి కాకి తనదే అనుకుని మేపుతోంది” అని తేల్చేశారు. అదీ గూట్లోంచి మెడ సాచి ఆకలేసినప్పుడల్లా కాకిపిల్లలాగే అరుస్తోంది. అక్కడిదాకా బానే ఉంది. మావాడు నాలుగో క్లాసు, వాడు అడిగిందేంటంటే “అమ్మా, అది కళ్ళు తెరిచినప్పట్నుంచి కాకినే చూసింది, కాకి మాటే వింది, మరి పెద్దయ్యాక కుహూ అని ఎవరు నేర్పుతారు? నేను తెలుగింట్లో పుట్టా కాబట్టి తెలుగొచ్చింది కదా, నన్ను అరవం వాళ్ళు పెంచుకుంటే నాకు అరవమే వచ్చేది కదా” అని. నిజమే కదా!

దాంతోపాటు నాకు ఇంకో రెండు డౌట్లు మొదలయ్యాయి. తను కాకిని కాదని దానికెలా తెలుస్తుంది, రేపు జత కోసం కాకి వెంట పడదా? ఇంకోటి, కాకి అంత తెలివైంది అంటారు, కుండలో రాళ్ళేసి నీళ్ళు తాగింది అని మనమే చదువుకున్నాం, మరి ఇంట్లో పరాయి పిల్లని గుర్తు పట్టలేదా?

బెజవాడ_ఎండ

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అన్నారు పెద్దలు. జవాబు అయిపోయింది, థ్రెడ్ క్లోజ్ చేసేయండి 😄

సరదాకన్నా లెండి. అయినా మామిడి చిగుళ్ళు తింటే గొంతు అదే వస్తుంది అని చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు చెప్పేవారు.

రిటైర్డ్_జువాలజీ

అమ్మా, మీ అబ్బాయి అడిగింది చాలా మంచి ప్రశ్న, ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి చెప్పాను, ఇంత సూటిగా అడిగినవాళ్ళు నలుగురైదుగురు కూడా లేరు. కొంచెం పెద్ద జవాబే రాస్తాను, ఫోన్లో టైప్ చేస్తున్నా కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఒక చిన్న సవరణ. కుహూ అని కూసేది మగ కోకిల. నల్లగా నిగనిగలాడుతూ ఎర్ర కళ్ళతో ఉండేది మగది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని గొంతు కిక్ కిక్ కిక్ అని కీచుగా ఉంటుంది, అది విని మనవాళ్ళు కోకిల అనుకోరు. పాటలన్నిట్లో కోకిలని ఆడపిల్లని చేసేశాం, అది వేరే సంగతి. మామిడి చిగుళ్ళ సంగతి కూడా అంతే, చిగురు తిని గొంతు రాదు. కాకులు గూళ్ళు కట్టే కాలం దగ్గర పడుతోంది కాబట్టి మగవి జత కోసం కూయడం మొదలెడతాయి, అదే టైముకి మామిడి చిగురేస్తుంది, మనం రెంటికీ ముడి పెట్టాం.

ఇప్పుడు అసలు విషయం. పక్షుల్లో గొంతు రెండు రకాలుగా వస్తుంది. కొన్ని నేర్చుకుంటాయి, కొన్ని నేర్చుకోవు. నేర్చుకునేవాటిలో ముఖ్యమైనవి చిలకలు, హమ్మింగ్ బర్డ్స్, పాటపిట్టలు అనే పెద్ద వర్గం. ఇంగ్లండులో థోర్ప్ అనే ఆయన 1950లలో చాఫించ్ అనే పిట్ట పిల్లల్ని పెద్దవాటి పాట వినపడకుండా పెంచాడు, అవి పెద్దయ్యాక పాడాయి గానీ అదొక మొద్దు పాట, సొగసంతా పోయింది. అంటే వాటికి గురువు కావాలి, మీ అబ్బాయి తెలుగులాగ. రెండో రకానికి గురువు అక్కర్లేదు. కోడి అందుకు మంచి ఉదాహరణ. కొనిషి అనే శాస్త్రవేత్త కోడిపిల్లలకి వినపడకుండా చేసి పెంచితే కూడా పెద్దయ్యాక మామూలు కోళ్ళలాగే కూశాయి, 1963లో అచ్చయింది ఆ పని. తన గొంతు తనకే వినపడని కోడి కూడా కొక్కొరొకో అనే అంది. కోకిల ఈ రెండో జట్టు.

ఇందులో తమాషా ఏంటంటే శాస్త్రం లెక్కలో పాటపిట్టల వంశంలో పుట్టింది కాకి, కోకిల కాదు! గొంతు నేర్చుకునే వర్గం కాకిది, నేర్చుకోకుండానే పాడేది కోకిల. క్లాసులో ఇది చెప్తే వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు.

అయితే జీన్‌లో పాట రాసి ఉంటుందా, క్యాసెట్‌లోలాగ? అలా అనుకోకూడదు. జీన్ అంటే ప్రోటీన్ తయారీకి ఒక సూచన, అంతే. అలాంటివి వేలకొద్దీ కలిసి పిండం పెరిగేటప్పుడు గొంతులో ధ్వని పెట్టెని ఒక ఆకారంలో కడతాయి, మెదడులో నరాల్ని ఒక పద్ధతిలో కలుపుతాయి. తర్వాత జత కట్టే కాలంలో హార్మోన్లు పెరిగితే ఆ నరాలు ఆ గొంతుని ఆ వరసలోనే ఆడిస్తాయి. వేణువుకి బెజ్జాలు ఎక్కడ పెట్టారో అక్కడి స్వరమే కదా వచ్చేది, ఇంచుమించు అలాగ.

మరి కోకిల వంశంలో ఇలాగే ఎందుకు మిగిలింది అంటే, ఒకప్పుడు పెంచిన వాళ్ళ గొంతు పట్టేసే కోకిల ఒకటి పుట్టిందనుకోండి. అది కా కా అంటుంది. ఆడ కోకిల దాని వైపు చూడదు, కాకి దగ్గరికి రానివ్వదు. దానికి పిల్లలుండవు, ఆ గుణం దాంతోనే పోతుంది. ఎవరూ నేర్పకపోయినా కుహూ అన్నదానికి పిల్లలుంటారు, వాటికీ అదే గొంతు వస్తుంది. ప్రకృతి ఎంపిక అని పుస్తకాల్లో పెద్ద పేరు పెట్టారు గానీ జరిగేది ఇంతే, పిల్లల్ని మిగిల్చినవాళ్ళ గుణాలు మిగులుతాయి.

కానీ ఒక్క మాట, దీన్ని రూలు అనుకోకండి. ఆఫ్రికాలో ఇండిగో బర్డ్ అని ఉంది, అదీ పరాయి గూట్లో గుడ్డు పెట్టేదే, కానీ దాని మగ పిల్ల పెంపుడు తండ్రి పాటే నేర్చుకుంటుంది, ఆడది కూడా తను పెరిగిన ఇంటి పాట పాడే మగవాణ్ణే వెతుక్కుంటుంది! అదే సమస్యకి అక్కడ సరిగ్గా తిరగబడ్డ జవాబు కుదిరింది. అందుకే బెజవాడ గారి సామెత సగమే నిజం అంటాను, పుట్టుకతో వచ్చే బుద్ధుల్లో నేర్చుకునే బుద్ధి కూడా ఒకటి.

మీ రెండో డౌట్‌కి కూడా కొంత చెప్పొచ్చు. అమెరికాలో కౌబర్డ్ అని, ఇలాగే పరాయి గూట్లో గుడ్డు పెట్టే పక్షి ఉంది, దాని మీద చాలా పని చేశారు. దానికి తన జాతి చేసే ఒక కిచకిచ శబ్దం పుట్టుకతోనే తెలుసు, దాన్ని పాస్‌వర్డ్ అంటారు. ఎక్కడ పెరిగినా సరే, ఆ శబ్దం వినగానే అటు తిరుగుతుంది, ఆ చేసినవాళ్ళని చూసి మిగతాది నేర్చుకుంటుంది. తాళంచెవి పుట్టుకతో వచ్చింది, తలుపు తీశాక లోపల చూసేది చదువు.

మూడోది, కాకి సంగతి, రేపు రాస్తాను, కళ్ళు లాగుతున్నాయి.

పటేల్_ఫారం

సార్ మస్తు చెప్పిన్రు. మాది సిద్దిపేట దిక్కు ఊరు, ఇంట్ల నాటు కోళ్ళు ఉంటయ్, బాతులు కూడ నాలుగు ఉన్నయ్. సార్ చెప్తుంటే నాకు ఒకటి యాదికొచ్చింది.

మా అవ్వ బాతు గుడ్లు కోడి కింద పెట్టి పొదగేసేది, ఎందుకంటే మా బాతులు గుడ్డు యాడ పడితే ఆడ పెట్టి పోతయ్, కూసోవు. కోడికి లెక్క తెల్వదు, 28 రోజులు కూసోవాల్నన్నా కూసుంటది, దాని గుడ్లయితే 21 రోజులే కద. పిల్లలు బయటికొచ్చినంక కోడి ఎన్కనే లైన్ కట్టి తిరుగుతయ్, అది గీరితే తింటయ్, అదే మా అమ్మ అనుకుంటయ్. గానీ ఒకరోజు కాల్వ కాడికి పోయినయ్ అనుకో, అన్నీ ఒక్కసారి నీళ్ళల్ల దుంకుతయ్. కోడి ఒడ్డు మీద ఉరుకులాట, కొక్ కొక్ అని ఒకటే లొల్లి, రెక్కలు కొట్టుకుంటది, పిల్లలు సచ్చిపోతున్నయ్ అనుకుంటది పాపం. నాకు చిన్నప్పుడు అది చూస్తే నవ్వొచ్చేది, ఇప్పుడు పిల్లలు పుట్టినంక చూస్తే కోడి మీద జాలైతది.

ఇప్పుడు సార్ చెప్పినట్టు జూస్తే ఒకే పిల్లల రెండున్నయ్. అమ్మ ఎవరు అనేది పుట్టినంక చూసి నేర్చుకున్నది, నీళ్ళు చూడంగనే దుంకుడు ఎవ్వరు నేర్పలే. సరే కదా సార్?

ఇంకోటి. ఫారం నుంచి తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళు ఒక పది తెచ్చినం ఒకసారి. గుడ్లు బాగనే పెట్టినయ్ గానీ ఒక్కటి కూడ పొదుగుకు రాలే. గుడ్డు పెడుతది, లేస్తది, పోతది, ఎన్కకు తిరిగి సూడదు. నాటు కోడి అయితే పది పన్నెండు గుడ్లు పెట్టినంక గంప కిందికెళ్ళి లేవదు, చెయ్యి పెడితే పొడుస్తది. మా అవ్వ ఆ తెల్ల కోళ్ళను “సిగ్గులేని కోళ్ళు” అని తిట్టేది 😂 ఇది గూడ జీన్ ముచ్చటేనా?

రిటైర్డ్_జువాలజీ

పటేల్ గారూ, బాతు పిల్లల సంగతి నూటికి నూరు పాళ్ళు సరిగ్గా పట్టారు. పుట్టాక మొదట్లో కదిలేదేదైనా కనపడితే దాని వెంట పడడాన్ని కాన్రాడ్ లోరెంజ్ అనే ఆయన పెద్దబాతుల మీద బాగా పరిశీలించాడు, అవి ఆయన్నే అమ్మ అనుకుని వెంట తిరిగేవి, 1973లో నోబెల్ వచ్చింది ఆయనకి, ఇంకో ఇద్దరితో కలిపి. మీ అవ్వ అంతకుముందు నుంచే చూస్తున్నారన్నమాట.

పొదుగు సంగతి ఇంకా మంచిది. ఔను, జీన్ ముచ్చటే. పొదుగుకొచ్చిన కోడి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అన్నాళ్ళూ గుడ్లు ఆపేస్తుంది. గుడ్ల వ్యాపారికి అది నష్టం. కాబట్టి తరాల తరబడి పొదుగుకొచ్చే కోళ్ళని తీసేసి, రానివాటి గుడ్లే పిల్లలకి వాడుకుంటూ పోయారు, లెగ్‌హార్న్ అలా తయారైంది. అడవికోడిలో ఈ గుణం పుట్టి ఉంటే ఒక్క తరం నిలవదు, పొదగని తల్లికి పిల్లలెక్కడివి? ఇక్కడ ఇంక్యుబేటర్ ఆ పని చేసిపెడుతోంది కాబట్టి నిలిచింది. కోడి సిగ్గులేనిది కాదు, దాని సిగ్గు మనమే తీసేశాం.

బెజవాడ_ఎండ

భీమవరం వైపు పుంజుల్ని కూడా ఇలాగే తయారు చేశారన్నమాట. ఏ పుంజు పారిపోకుండా నిలబడిందో దాని పిల్లలే కావాలంటారు, తండ్రి ఎవరు తాత ఎవరు అని పెళ్ళి సంబంధాల కన్నా ఎక్కువ ఎంక్వయిరీ చేస్తారు. పందేలు బ్యాన్ అని తెలుసు, నేను చూశానని అనట్లేదు.

పటేల్_ఫారం

సార్ ఇంకొక్కటి, పుంజు పొద్దుగాల మూడు గొట్టంగ కూస్తది, ఇంక మబ్బులనే ఉంటది. దానికి టైం ఎట్ల తెలుస్తది?

కాన్‌స్టాన్స్_కుర్రాడు

దీనికి నేను చెప్తా అండి, ఈ మధ్యే చదివా. జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్ళు 2013లో పుంజుల్ని రోజంతా ఒకేలా ఉండే మసక లైట్లో ఉంచారు, పగలు లేదు రాత్రి లేదు. అయినా ఇంచుమించు తెల్లారే టైముకే కూశాయి, కొన్ని రోజులపాటు. అంటే లోపలే గడియారం ఉంది. తర్వాత ఇంకో పనిలో ఏం చూశారంటే గుంపులో పెద్ద పుంజే ముందు కూస్తుంది, దాని తర్వాతే మిగతావి వాటి వాటి హోదా ప్రకారం. పెద్దది లేకపోతే రెండోది ముందు మొదలెడుతుంది. ఆ లోపలి గడియారానికి జీన్‌లు ఉన్నాయని ముందు ఈగల్లో కనిపెట్టారు, 1971లో కొనొప్కా, బెంజర్ అని ఇద్దరు పండ్ల ఈగల్లో ఒకే జీన్ పాడైతే రోజు 24 గంటలకి బదులు 19 గంటలదో 28 గంటలదో అయిపోతుందని, ఇంకో రకంగా పాడైతే అసలు వేళాపాళా లేకుండా పోతుందని చూపించారు. ఆ జీన్ ఎలా పని చేస్తుందో తేల్చినవాళ్ళకి 2017లో నోబెల్ ఇచ్చారు.

నేను జువాలజీ కాదు, సాఫ్ట్‌వేర్ వాణ్ణే, ఉండేది జర్మనీలో కాన్‌స్టాన్స్. ఇక్కడికి దగ్గర్లో రాడోల్ఫ్‌జెల్ అని ఊరుంది, పక్షుల రీసెర్చి సెంటర్ ఉంది అక్కడ, నా హౌస్‌మేట్ పక్షుల పిచ్చోడు, ఆదివారం వస్తే నన్ను లాక్కెళ్తాడు. వాడు చెప్పిన కథ ఈ థ్రెడ్‌కి సరిగ్గా సరిపోతుంది.

బ్లాక్‌క్యాప్ అని చిన్న పిట్ట, మగదానికి నెత్తి మీద నల్ల టోపీ పెట్టినట్టుంటుంది. చలికాలం రాగానే వలస పోతుంది. రాత్రిళ్ళు పోతాయి, పిల్లలు మొదటిసారి పోయేటప్పుడు దారి చూపించే అమ్మానాన్నా ఉండరు. బోనులో పెట్టి పెంచినా ఆ సీజన్ రాగానే రాత్రంతా నిద్రపోకుండా రెక్కలు కొట్టుకుంటూ గంతులేస్తుంది, అదీ ఊరికే అన్ని వైపులకీ కాదు, పోవాల్సిన దిక్కుకే. మా నానమ్మ తిరపతి ప్రయాణం ముందు రాత్రి ఇలాగే ఉండేది, కునుకు ఉండదు.

పీటర్ బెర్తోల్డ్ అని ఆ సెంటర్ పెద్దాయన, ఈ గంతుల్నే కొలతగా వాడుకున్నాడు. అసలు ఎక్కడికీ పోని దీవుల బ్లాక్‌క్యాప్‌నీ జర్మనీ వలస బ్లాక్‌క్యాప్‌నీ కలిపితే పిల్లలు మధ్యస్థంగా వచ్చాయి. ఇంకా విచిత్రం దిక్కు సంగతి. యూరప్‌లో పడమటి వైపువి నైరుతికి స్పెయిన్ వైపు పోతాయి, తూర్పు వైపువి ఆగ్నేయానికి తిరిగి టర్కీ మీదుగా పోతాయి. హెల్బిగ్ అనే ఆయన ఆ రెండిటినీ కలిపితే పిల్లలు ఆ రెంటికీ మధ్యలో, దాదాపు నేరుగా దక్షిణానికి చూశాయి! ఎవరూ చెప్పలేదు, మ్యాప్ లేదు, అమ్మ దిక్కూ నాన్న దిక్కూ కలిపి సగం చేసుకున్నాయి. అడవిలో అలా పోతే ఆల్ప్స్ కొండలు, తర్వాత సముద్రం, ఆ తర్వాత సహారా. అందుకే రెండు దారులూ విడివిడిగా నిలిచాయి, మధ్య దారి పట్టినవి బతకడం కష్టం.

డౌటు_రావు

అందరూ పెద్ద పెద్ద మాటలు చెప్తున్నారు గానీ నాకొకటి అర్థం కాదు. వలస, పొదుగు, పాట, ఇవన్నీ ఇలా ఇలా మారి ఉంటాయి అని కథ చెప్పడం సులువే. లక్షల ఏళ్ళ కింద జరిగింది ఎవడు చూడొచ్చాడు? కోళ్ళు మనిషి మార్చాడు, ఒప్పుకుంటా. మనిషి చెయ్యి లేకుండా ఒక జంతువు ప్రవర్తన మన కళ్ళ ముందు మారింది అని ఒక్కటి చూపించండి.

రాత్రి_డ్యూటీ

రావు గారూ మంచి సవాలే. ఒకటి చెప్తా, చదివినప్పుడు నాకు రెండు రోజులు బుర్రలోంచి పోలేదు.

హవాయి దీవుల్లో కవాయి అని ఒక దీవి. అక్కడ కీచురాళ్ళు ఉన్నాయి, బయటి నుంచి వచ్చి చేరినవే. మగ కీచురాయి రెక్కల మీద రంపం పళ్ళలాంటి గరుకు ఉంటుంది, ఒక రెక్కని ఇంకో రెక్క మీద రుద్దితే ఆ కీచు శబ్దం, అది విని ఆడది వస్తుంది. ఎక్కడైనా ఇంతే. కానీ ఆ దీవిలో ఒక ఈగ ఉంది, అదీ ఆ శబ్దం వింటుంది. వచ్చి కీచురాయి మీద పురుగు పిల్లల్ని వదులుతుంది, అవి లోపలికి దూరి వారం రోజులు తిని, చంపి బయటికొస్తాయి. అంటే పాడితే పెళ్ళాం వస్తుంది, లేదా చావొస్తుంది.

మార్లీన్ జుక్ అనే ఆవిడ 1991 నుంచి ఆ దీవికి వెళ్ళి చూస్తూ ఉంది. ఏడాదికేడాది శబ్దం తగ్గిపోతూ వచ్చింది, ఇంక పోయాయి అనుకున్నారు. 2003లో వెళ్తే దాదాపు నిశ్శబ్దం. కానీ టార్చి వేసి గడ్డిలో చూస్తే బోలెడు కీచురాళ్ళు! పట్టుకుని చూస్తే మగవాటి రెక్కలు చదునుగా అయిపోయాయి, రంపం లేదు, రుద్దినా శబ్దం రాదు. పదిలో తొమ్మిది మగవి అలాంటివే. ఇరవై తరాలు కూడా పట్టలేదు. అదీ ఒకే జీన్ మార్పు, ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఎవరూ వాటికి “పాడకండిరా చస్తారు” అని చెప్పలేదు, పాడినవి ఈగకి దొరికిపోయాయి, నోరు లేకుండా పుట్టినవి మిగిలాయి.

మరి ఆడది ఎలా వస్తుంది అంటారా, అదే ఇక్కడ అసలు మజా. మిగిలిన ఒకటీ అరా పాడే మగవాటి చుట్టూ ఈ మూగవి చేరి కూర్చుంటాయి, పాట విని వచ్చే ఆడదాన్ని దారిలో ఆపేస్తాయి. పెళ్ళికి బ్యాండు మేళం ఒకడిది, భోజనం ఇంకొకడిది. ఇలా పాడేవాడి పక్కన నక్కి కూర్చోవడం మామూలు కీచురాళ్ళకి ముందు నుంచీ కొంత ఉంది, అది ఉండబట్టే మూగవి బతికి బట్టకట్టాయి. తర్వాత పక్కనున్న ఒవాహు దీవిలో కూడా మూగ కీచురాళ్ళు బయటపడ్డాయి, రెక్క చూస్తే ఆకారం వేరు, అంటే అక్కడ విడిగా వేరే మార్పుతో అదే దారికి వచ్చాయి.

డౌటు_రావు

ఇది బాగుంది. ఒప్పుకుంటున్నా, కీచురాళ్ళ వరకు 🙂

కాన్‌స్టాన్స్_కుర్రాడు

బ్లాక్‌క్యాప్‌కి కూడా అలాంటిది ఉంది రావు గారూ, అక్కడే ఆపేశా రాత్రి. 1960ల నుంచి చలికాలంలో బ్రిటన్‌లో బ్లాక్‌క్యాప్‌లు ఎక్కువ కనపడసాగాయి. దక్షిణానికి పోవాల్సినవి అక్కడేం చేస్తున్నాయి అని కొన్నింటిని పట్టుకొచ్చి జర్మనీలో పెంచి పిల్లలు పెట్టించారు. ఆ పిల్లలు బ్రిటన్ ముఖం చూడలేదు, అయినా సీజన్ రాగానే వాయవ్యం వైపు, అంటే బ్రిటన్ వైపే గంతులేశాయి. 1992లో వచ్చింది ఆ పేపర్. ఎప్పుడూ తప్పు దిక్కుకి పోయేవి ఒకటీ అరా పుడుతూనే ఉంటాయి, ఇదివరకు చలికి చచ్చిపోయేవి. ఇప్పుడు అక్కడ చలి కాస్త తగ్గింది, ఇళ్ళవాళ్ళు తోటల్లో గింజలూ కొవ్వు ఉండలూ వేలాడదీస్తారు, కాబట్టి ఆ తప్పు దిక్కే ఒప్పయింది.

గోదారి_గట్టు

బాబోయ్, ఒక్క ప్రశ్నకి ఇంత వస్తుందనుకోలేదు. అన్నీ చదివి వాడికి చెప్తున్నా, పాస్‌వర్డ్ మాట బాగా పట్టేసింది, ఇప్పుడు బాత్రూం తలుపు తీయాలన్నా పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. మాస్టారూ, కాకి సంగతి బాకీ ఉంది మీరు. మా ఆయన అంటారు, కాకులు మరీ ఎక్కువైపోకుండా అదుపులో పెట్టడానికే ప్రకృతి కోకిలని పెట్టింది, అందుకే కాకి గుర్తు పట్టదు అని. నిజమేనా?

రిటైర్డ్_జువాలజీ

మీ వారికి నా నమస్కారాలు చెప్పండి, కానీ ఈ మాట నేను ఒప్పుకోను. ప్రకృతికి కాకుల లెక్క చూసే ఆఫీసు లేదమ్మా. కోకిల గుడ్డు పెట్టేది తన పిల్ల కోసం, కాకి జాతి ఏమైపోయినా దానికి పట్టదు. జాతి మేలు కోసం జంతువులు ఇలా చేస్తాయి, అలా చేస్తాయి అని మా చిన్నప్పటి పుస్తకాల్లో కూడా ఉండేది, నేను కూడా కొన్నేళ్ళు అలాగే చెప్పాను, ఆ పిల్లలకి క్షమాపణ. ధార్వాడ్ దగ్గర అడవుల్లో సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త 1960లలో కొండముచ్చుల్ని చూశాడు. కొత్త మగది గుంపుని ఆక్రమించి పాత మగవాడి పసిపిల్లల్ని చంపేస్తుంది. జాతి మేలు అయితే ఇది ఎందుకుంటుంది? పాలు తాగే పిల్ల పోతే తల్లి త్వరగా మళ్ళీ ఎదకొస్తుంది, ఆ కొత్త మగవాడికి తన పిల్లలు పుడతారు, అదీ లెక్క అని తర్వాత మౌంట్ ఆబూలో పని చేసిన సారా హర్డీ వాదించారు. చదవడానికి కష్టంగా ఉంటుంది.

ఇక కాకి. మొదట, కాకి ఊరుకుంటోంది అనుకోకండి. కోకిల కనపడితే కాకులు తరిమి తరిమి కొడతాయి, రోజూ చూస్తూనే ఉంటాం. కొన్నిసార్లు మగ కోకిల కావాలనే ఎదురుపడి కాకుల్ని వెంట తిప్పుకుంటుంది, ఆ సందులో ఆడది గుడ్డు పెట్టేస్తుంది. అదీ ఖాళీ గూట్లో పెట్టదు, కాకి గుడ్లు పెట్టడం మొదలెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పెడుతుంది. గుడ్డు కాస్త చిన్నదే గానీ రంగూ మచ్చలూ ఇంచుమించు అవే. పైగా అది కాకి గుడ్ల కన్నా రెండు మూడు రోజులు ముందే పొదిగి పిల్లవుతుంది, ముందు పుట్టినవాడికే కదా ముందు ముద్ద.

గుడ్డు దగ్గర కాకి పరిస్థితి ఆలోచించండి. నాలుగైదు గుడ్లున్నాయి, ఒకటి కొంచెం తేడాగా ఉంది. తీసి పారేస్తే? అది కోకిలది అయితే లాభం, తనదే అయితే సొంత పిల్లని చంపుకున్నట్టు. అన్ని గూళ్ళలోనూ కోకిల గుడ్డు ఉండదు కదా, కాబట్టి అతి అనుమానం కూడా వంశానికి చేటే. దానికితోడు మన కోకిల పిల్ల కాస్త మర్యాదస్తురాలు, మామూలుగా కాకిపిల్లల్ని బయటికి తోసెయ్యదు, మీ గూట్లో రెండు బతికాయి చూశారా. గూడు లోతు, కాకి గుడ్లూ పిల్లలూ పెద్దవి, తోయబోతే తనే పడిపోయే ప్రమాదం అని ఒక వాదన. ఇంగ్లండులో మన కోకిలకి చుట్టమైన కకూ అనే పక్షి ఉంది, దాని పిల్ల అలా కాదు. కళ్ళు కూడా తెరవకుండా, ఒంటి మీద ఈక లేకుండా, వీపు మీద ఉన్న గుంటలోకి గుడ్డు ఎక్కించుకుని గూటి అంచు దాకా పాకి తోసేస్తుంది. దీన్ని మొదట సరిగ్గా చూసి 1788లో రాసింది ఎవరనుకున్నారు, మశూచి టీకా తెచ్చిన జెన్నరే. నేర్పేవాడు లేడు, చూసి నేర్చుకోడానికి కళ్ళే లేవు.

అక్కడ కాబట్టే వాటిని పెంచే రీడ్ వార్బ్లర్ అనే పిట్టలు గుడ్ల విషయంలో గట్టి అనుమానం పిట్టలయ్యాయి. కేంబ్రిడ్జి దగ్గర వికెన్ ఫెన్ అనే చిత్తడి నేలలో నిక్ డేవిస్ వాళ్ళు ఏళ్ళ తరబడి దొంగ గుడ్లు పెట్టి చూశారు. కకూలు తగ్గిపోయాక 1985 నుంచి 1997 లోపు గుడ్డు పారేసే అలవాటు బాగా తగ్గిపోయింది. అంత త్వరగా జీన్‌లు మారడం కుదరదు, చుట్టుపక్కల కకూ కనపడితే జాగ్రత్త పెంచి, కనపడకపోతే తగ్గించే వీలు ఆ పిట్టలోనే ఉందని వాళ్ళ అభిప్రాయం. అందుకే అన్నిటికీ జీన్ జీన్ అని గుడ్డిగా అనకూడదు.

అయినా కాకి పిల్ల కాకికి ముద్దు అని సామెత చెప్పుకున్నాం గానీ, నోరు తెరిచి అరిచే ఏ పిల్లైనా కాకికి ముద్దే. ఆ అరుపు వింటే ముద్ద పెట్టడం తప్ప ఇంకోటి చేయలేని తల్లులే ఎక్కువ పిల్లల్ని బతికించుకున్నాయి, ఆ గుణాన్నే కోకిల వాడుకుంటోంది. దాంట్లో తెలివితక్కువేం లేదు.

పటేల్_ఫారం

మా అవ్వ కోడి కింద బాతు గుడ్లు పెట్టింది కూడ గట్లనే కద సార్. అంటే మా అవ్వే కోకిల 😂

గోదారి_గట్టు

అప్‌డేట్. పోయిన ఆదివారం గూడు ఖాళీ అయింది. కాకిపిల్లలు రెండూ ఎటో పోయాయి, కోకిల పిల్ల మాత్రం రెండు రోజులు ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీద కూర్చుని అరుస్తూనే ఉంది, కాకి ఇడ్లీ ముక్క తెచ్చి మరీ పెట్టింది, ఎవరింట్లోదో. నిన్నట్నుంచి అదీ లేదు. మావాడు డాబా మీద నిలబడి దానికి వినపడేలా కుహూ కుహూ అని పావుగంట అరిచాడు, ఎందుకురా అంటే “ఎందుకైనా మంచిది, పాస్‌వర్డ్ మర్చిపోతే?” అన్నాడు.

గూడు తీసేద్దాం అంటే మా అత్తగారు వద్దంటున్నారు. మళ్ళీ అదే గూట్లో పెడుతుందంటారా? గొడుగు దాచెయ్యనా, ఉంచనా?

పటేల్_ఫారం

పిల్లలు పోయినయ్ కద అక్కా, ఇంక తన్నదు. గొడుగు వానకు అక్కరకొస్తది, ఉంచు.